ఇన్ని ప్రోగ్రామింగ్ భాషలు ఎందుకు పుట్టాయి? సి ఇంకా ఎందుకు చదవాలి?

కర్నూలులో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్న ఆదోని అబ్బాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాకు కాలేజీలో సి చెప్తున్నారు, అదీ టర్బో సిలో. బయట అందరూ పైథాన్ అంటున్నారు. అసలు ఇన్ని భాషలు ఎందుకు? కోబాల్ లాంటి పాతవి ఇంకా ఎలా బతికున్నాయి? ఇప్పుడు ఏఐయే కోడ్ రాస్తోంది కదా, ఈ చరిత్రంతా తెలుసుకుంటే లాభమేంటి?"

నాయనా, నువ్వు అడిగినవి నాలుగు ప్రశ్నలైనా జవాబు ఒకచోటే ఉంది. అప్పటిదాకా ప్రోగ్రామర్ తన చేత్తో చేసుకుంటున్న ఏదో ఒక పనిని మెషీన్‌కు అప్పజెప్పడానికే దాదాపు ప్రతి కొత్త భాషా పుట్టింది. ఆ పని వదిలినందుకు ప్రతిసారీ ఏదో ఒకటి చెల్లించాల్సి వచ్చింది. ఒకసారి వేగం, ఒకసారి మెమరీ, ఇంకోసారి లోపల ఏం జరుగుతోందో తెలుసుకునే వీలు. ఏ భాష గురించి చదివినా ఈ రెండూ అడుగు: ఏ పని తీసుకుంది, బదులుగా ఏం తీసుకుంది? నేను అనంతపురంలో చదువుకుని, చాలా ఏళ్లు బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌లో కోబాల్, సి, జావా రాసి, ఇప్పుడు మీలాంటి పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. క్లాసులో సిలబస్ తొందరలో ఈ సంగతులకు టైం దొరకదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మొదట్లో భాష అనేదే లేదు. 1945 చివర్లో తయారైన ఎనియాక్ అనే కంప్యూటర్‌తో లెక్క చేయించాలంటే వైర్లు మార్చి మార్చి గుచ్చాలి, స్విచ్చులు తిప్పాలి. ఆ పని చేసింది ఆరుగురు యువతులు. వాళ్ల పేర్లు చాలా కాలం ఎవరికీ తెలియలేదు. 1949లో కేంబ్రిడ్జిలో నడిచిన ఎడ్సాక్ అనే కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మెమరీలోనే ఉండేది. అక్కడ డేవిడ్ వీలర్ అనే కుర్రాడు ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాడు. కూడికకు ఒక అక్షరం, తీసివేతకు ఒక అక్షరం పేపర్ టేపు మీద గుచ్చి ఇస్తే, అది వాటిని మెషీన్ అంకెల్లోకి మార్చి మెమరీలో పెట్టేది. మనిషి చేతిలోంచి జారిన మొదటి పని అదే: సున్నాలు, ఒకట్లు లెక్కపెట్టుకోవడం. ఎడ్సాక్ కట్టిన మారిస్ విల్క్స్ ఆ రోజుల గురించి రాస్తూ, తన మిగతా జీవితంలో చాలా భాగం తన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడానికే పోతుందని అప్పుడే అర్థమైందన్నారు. నీకు ఇప్పుడు డీబగ్గింగ్‌తో వస్తున్న టెన్షన్ వయసు, చూడు, 75 ఏళ్లు దాటింది.

ఇక్కడ ఫోర్ట్రాన్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మిగతా కథంతా ఇందులోంచే వస్తుంది. 1953 చివర్లో జాన్ బాకస్ ఐబీఎంలో ఒక ప్రతిపాదన పెట్టారు. కంప్యూటర్ నడపడానికయ్యే ఖర్చులో ముప్పాతిక దాకా ప్రోగ్రామ్ రాయడానికీ, తప్పులు దిద్దడానికే పోతోంది, సూత్రాన్ని సూత్రంలాగే రాస్తే మెషీనే కోడ్ తయారు చేసుకునేలా చేద్దాం, అన్నది దాని సారాంశం. అలా మొదలైందే ఫోర్ట్రాన్ భాష. అలాంటివి అప్పటికే కొన్ని ఉన్నాయి. గ్రేస్ హాపర్ 1952లోనే ఎ-0 అనే కంపైలర్, అంటే మనిషి రాసినదాన్ని మెషీన్ కోడ్‌గా మార్చే ప్రోగ్రామ్, తయారు చేశారు. కానీ ఆనాటి సిస్టమ్‌లు బాగా నెమ్మది. అయినా ఎవరికీ పెద్దగా పట్టలేదు, కారణం వినదగ్గది. అప్పటి మెషీన్లలో దశాంశాల లెక్క, అంటే ఫ్లోటింగ్ పాయింట్, హార్డ్‌వేర్‌లో లేదు. దాన్ని సబ్‌రొటీన్లతో చేయాలి. ఎలాగూ టైమంతా అక్కడే పోయేది కాబట్టి, సిస్టమ్ వల్ల అయ్యే ఆలస్యం ఆ ఆలస్యంలో కలిసిపోయేది. ఐబీఎం 704 వచ్చేసరికి ఫ్లోటింగ్ పాయింట్, లూపుల్లో అడ్రసులు లెక్కపెట్టే ఇండెక్స్ రిజిస్టర్లు హార్డ్‌వేర్‌లోకే వచ్చేశాయి. ఇక దాక్కోవడానికి చోటు లేదు. మంచి ప్రోగ్రామర్ చేత్తో రాసిన కోడ్‌తో కంపైలర్ పోటీ పడాల్సిందే. తమ కోడ్ సగం వేగంతో నడిచినా ఎవరూ ముట్టుకోరని బాకస్ బృందం భయపడింది. అందుకే భాష ఎలా ఉండాలన్న దానికంటే, లూపుల్లో ఇండెక్స్ రిజిస్టర్లను ఎలా పొదుపుగా వాడాలన్న దాని మీదే ఎక్కువ కష్టపడ్డారు. ఆరు నెలల్లో అయిపోతుందని మళ్లీ మళ్లీ అనుకుంటూ 1957 ఏప్రిల్‌కు గానీ ఇవ్వలేకపోయారు.

ఆ కంపైలర్ తయారు చేసిన కోడ్ చూసి, దాన్ని రాసినవాళ్లే కొన్నిచోట్ల ఆశ్చర్యపోయారు. తాము చేత్తో రాస్తే రాని ఒడుపు అందులో కనిపించింది. నిపుణులు చేత్తో చేసే పనిని మెషీన్ వాళ్లంత బాగా చేయగలదని రుజువైంది అక్కడే.

ఫోర్ట్రాన్ గుర్తులు నీ కోడ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. లూపు వేరియబుల్‌కు ఐ, జె, కె అని ఎందుకు పెడతావు? గణితంలోనూ ఆ అలవాటుంది, కానీ ప్రోగ్రామర్లలో అది పాతుకుపోయింది ఫోర్ట్రాన్ వల్ల. అందులో ఐ నుంచి ఎన్ వరకు అక్షరాలతో మొదలైన పేరు దానంతటదే పూర్ణసంఖ్య. అప్పట్లో ప్రోగ్రామ్‌ను చిల్లులుగా గుచ్చే పంచ్ కార్డుకు 80 నిలువు వరుసలు. మొదటి అయిదూ లేబుల్‌కి, ఆరోది పై కార్డు కొనసాగింపుకి, ఏడు నుంచి 72 దాకా అసలు వాక్యం. మన దేశంలో 1963లో ఐఐటీ కాన్పూర్‌కు ఐబీఎం 1620 వచ్చినప్పుడు ఇంజనీర్లు నేర్చుకున్నదీ ఈ భాషే. నువ్వు పైథాన్‌లో నంపై వాడి సమీకరణాలు సాధిస్తే, కింద పని చేసేది లాపాక్ అనే లైబ్రరీ. అది మొదట రాసింది ఫోర్ట్రాన్‌లోనే.

కోబాల్ సంగతికి వస్తాను. దీన్ని హేళన చేయడం ఒక ఫ్యాషన్ అయిపోయింది, నాకది అస్సలు నచ్చదు. 1959 మేలో అమెరికా రక్షణ శాఖ పెంటగాన్‌లో ఒక సమావేశం పెట్టింది. ఒక్కో కంపెనీ మెషీన్‌కు ఒక్కో భాష. మెషీన్ మారితే జీతాల ప్రోగ్రామ్ మొత్తం మళ్లీ రాయాలి. ఆ బాధ తప్పించడానికి ఒక కమిటీ కూర్చుని, గ్రేస్ హాపర్ అప్పటికే చేసిన భాష ఫ్లో-మాటిక్‌ను చాలావరకు ఆధారం చేసుకుని, కోబాల్‌ను రూపొందించింది. 1960 డిసెంబర్‌లో ఒకే ప్రోగ్రామ్‌ను ఆర్‌సీఏ వాళ్ల మెషీన్ మీదా, యూనివాక్ మెషీన్ మీదా దాదాపు మార్పులు లేకుండా నడిపి చూపించారు. ఈ రోజు మనం మామూలుగా తీసుకునే విషయం, ఆనాడు చూసి నమ్మాల్సిన విషయం.

కోబాల్ ఇంకా ఎందుకు బతికుందంటే, డబ్బు లెక్క వల్ల. ఆదోని పత్తి మార్కెట్ నీకు తెలిసిందే. ఒక కమీషన్ కొట్టులో లాటుకు ఇన్ని క్వింటాళ్లు, క్వింటాలుకు ఇంత రేటు, అందులో కమీషన్, హమాలీ, తూకం ఖర్చు, చివరికి రైతు చేతికి ఇంత అని చీటీ రాస్తారు. అది పైసాతో సహా సరిపోవాలి. ఇప్పుడు పైథాన్ తెరిచి 0.1 + 0.2 కొట్టు. 0.30000000000000004 అని వస్తుంది. ఇది పైథాన్ తప్పేం కాదు. సి, జావా, జావాస్క్రిప్ట్‌ల మామూలు దశాంశాల్లోనూ ఇదే ఉంటుంది. పదో వంతును రెండు ఆధారంగా ఉన్న అంకెల్లో ఖచ్చితంగా రాయడం కుదరదు, మూడో వంతును మనం దశాంశాల్లో ముగించలేనట్టే. ఫోర్ట్రాన్ పుట్టింది శాస్త్రవేత్తల కోసం, వాళ్లకు పదిహేనో స్థానంలో తేడా లెక్కలోది కాదు. కోబాల్ పుట్టింది గుమాస్తాల లెక్కల కోసం. అందులో ఒక సంఖ్యను ప్రకటించేటప్పుడే రూపాయలకు ఇన్ని స్థానాలు, పైసలకు రెండు స్థానాలు అని బొమ్మ గీసినట్టు చెప్తావు. లెక్క దశాంశాల్లోనే జరుగుతుంది, ఎక్కడ రౌండ్ చేయాలో నువ్వే రాస్తావు. జావాలో బిగ్‌డెసిమల్, పైథాన్‌లో డెసిమల్ ఇదే పని చేస్తాయి. కానీ వాటిని గుర్తుపెట్టుకుని తెచ్చుకోవాలి. కోబాల్‌లో అది పుట్టుకతో ఉంది. బ్యాంకులు పాత ప్రోగ్రాములను పారేయకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం అనుకోకు. ఎన్నో ఏళ్ల వడ్డీ నియమాలు, మినహాయింపులు ఆ లైన్లలోనే ఉంటాయి. చాలాచోట్ల వాటికి వేరే కాగితం ఉండదు. ఆ కోడే కాగితం.

ఆ భాష తీసుకున్న మూల్యం ఏంటంటే, పెద్ద పెద్ద వాక్యాలు, ప్రోగ్రామ్ అంతా ఒకే ముద్దగా పెరిగిపోయే స్వభావం. అప్పటి కార్డుల్లో, మెమరీలో చోటు చాలక సంవత్సరానికి రెండంకెలే ఉంచిన అలవాటు 2000 దగ్గరికి వచ్చేసరికి, 00 అంటే 1900 ఏదో 2000 ఏదో మెషీన్‌కు తెలియక, వైటూకే గొడవయింది. ఆ అలవాటు కోబాల్‌ది ఒక్కదానిదే కాకపోయినా, పాత రికార్డులు ఎక్కువగా దాంట్లోనే ఉండటంతో భారం దాని మీద పడింది. ఆ రెండు మూడేళ్లలో మన సీమ నుంచి రాత్రి బస్సెక్కి అమీర్‌పేటలో దిగి కోబాల్ కోర్సుల్లో చేరినవాళ్లు ఎంతోమంది. కొందరి ఇళ్ల పరిస్థితే మారిపోయింది దానివల్ల.

అదే కాలంలో ఇంకో రెండు భాషలు పుట్టాయి. 1960లో పారిస్‌లో 13 మంది కూర్చుని తుదిరూపం ఇచ్చిన అల్గోల్ 60 వ్యాపారంలో పెద్దగా నిలబడలేదు. కానీ బ్లాకులు, లోకల్ వేరియబుల్స్, ఒక ఫంక్షన్ తనను తానే పిలుచుకునే రికర్షన్, భాషా వ్యాకరణాన్ని సూత్రాలుగా రాసే పద్ధతి అన్నీ దాని ద్వారానే మిగతావాటికి అందాయి. ఆ పద్ధతి పేరే బీఎన్ఎఫ్, నీ కంపైలర్ డిజైన్ పేపర్లో వస్తుంది. అందులోని బి అంటే ఫోర్ట్రాన్ చేసిన ఆ బాకసే, ఎన్ అంటే డెన్మార్క్‌కు చెందిన పీటర్ నార్. రెండోది లిస్ప్. జాన్ మెకార్తీ 1958లో ఎంఐటీలో దీన్ని మొదలుపెట్టారు. ఆయన కాగితం మీద సిద్ధాంతంగా రాసుకున్న, లిస్ప్ కోడ్‌కు విలువ కట్టే ఇవాల్ అనే ఫంక్షన్‌ను స్టీవ్ రస్సెల్ నేరుగా మెషీన్ కోడ్‌లో రాసేసి నడిపించాడు. అది చదవడానికి గానీ నడపడానికి కాదని మెకార్తీ చెప్పినా ఊరుకోలేదు! వాడేసిన మెమరీని మెషీనే వెతికి తిరిగి తీసుకునే గార్బేజ్ కలెక్షన్ కూడా ఇక్కడే పుట్టింది. అప్పటి మెషీన్లకు అది మోయలేని బరువు. జావాతో ప్రపంచమంతా దాన్ని వాడటానికి 1995 దాకా ఆగాల్సి వచ్చింది. భాషల చరిత్రలో నన్ను బాగా కదిలించే విషయం ఇదే. సరైన ఆలోచన ముందే వచ్చి, దాన్ని మోయగల హార్డ్‌వేర్ కోసం దశాబ్దాలు కాచుకుని ఉంటుంది.

బేసిక్ 1964లో డార్ట్‌మత్ కాలేజీలో, సైన్స్ చదవని పిల్లలు కూడా కంప్యూటర్ ముందు కూర్చోవాలని కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు గణితం అయ్యవార్లు చేసింది. పాస్కల్ 1970లో జ్యూరిచ్‌లో నిక్లాస్ విర్త్ పాఠాలు చెప్పడానికి చేసింది. మధ్యలో 1968లో డైక్‌స్ట్రా ప్రోగ్రామ్‌ను ఎక్కడికైనా దూకించే గోటూ వాడొద్దంటూ రాసిన ఉత్తరం పెద్ద చర్చ లేపింది. అడ్రసులు, రిజిస్టర్ల తర్వాత, ప్రోగ్రామ్ ఎటు దూకాలో చేత్తో చెప్పే పని కూడా అలా మన చేతిలోంచి జారింది.

ఇప్పుడు నీ సి. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్ పీడీపీ-7 అనే చిన్న మెషీన్ మీద యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టారు. దానికోసం, కేంబ్రిడ్జి మనిషి మార్టిన్ రిచర్డ్స్ చేసిన బీసీపీఎల్‌ను కుదించి బి అనే భాష చేశారు. బిలో టైపులు, అంటే ఇది అంకె, ఇది అక్షరం అని చెప్పే రకాలు లేవు, అన్నీ ఒకే సైజు మెమరీ గళ్లు. తర్వాత పీడీపీ-11 వచ్చింది. దానిలో ఒక్కో బైటుకూ వేరే అడ్రసు. అక్షరం ఒక సైజు, పూర్ణసంఖ్య ఇంకో సైజు. బి ఇక్కడ ఇబ్బంది పడింది. డెనిస్ రిచీ దానికి టైపులు చేర్చుతూ పోతే 1972 నాటికి అది సి అయింది, 1973లో యూనిక్స్‌కు గుండెలాంటి కెర్నల్‌నే అందులో తిరగరాశారు. అప్పటిదాకా ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఎక్కువగా ఒక్కో మెషీన్‌కు ఒక్కోలా ఉండే అసెంబ్లీలోనే రాసేవాళ్లు. సిలో రాశాక, కంపైలర్ ఉంటే చాలు, ఇంకో మెషీన్ మీదికి తీసుకుపోవచ్చు. అంటే సి ప్రోగ్రామర్ దగ్గర్నుంచి ఒకే ఒక్క పని తీసుకుంది, ఒక మెషీన్‌కు కట్టుబడి ఉండటం. మెమరీ బాధ్యత మాత్రం మొత్తం నీ చేతిలోనే ఉంచింది. సిలో నీకు కష్టమనిపించే ప్రతిదీ ఈ ఒక్క నిర్ణయంలోంచి వచ్చిందే.

ఒక ఉదాహరణ. సరిసంఖ్యా కాదా అని చూడటానికి "ఎ & 1 == 0" అని రాస్తే తప్పు జవాబొస్తుంది. == ముందు జరిగి, & తర్వాత జరుగుతుంది కాబట్టి. ఇలా ఎందుకుంది? బిలో తార్కిక "మరియు" పని కూడా & గుర్తే చేసేది, కాబట్టి అక్కడ ఆ క్రమం సబబే. తర్వాత && వేరుగా వచ్చింది. అప్పుడే & స్థానం మార్చాల్సింది. కానీ అప్పటికే రాసిన కోడ్ చెడిపోతుందని వదిలేశామని రిచీయే తర్వాత రాశారు. ఆనాడు వాడేవాళ్లు గుప్పెడు మంది. వాళ్ల కోడ్ కోసం ఉంచేసిన క్రమంలో ఈ రోజు కర్నూలు ల్యాబులో నువ్వు మార్కులు పోగొట్టుకుంటున్నావు. సిలబస్ పుస్తకంలో దీన్ని పట్టికలా బట్టీ పట్టిస్తారు. కారణం తెలిస్తే బట్టీ అక్కర్లేదు.

మూల్యం సంగతి కూడా చెప్పాలి. టైపు చేసిన లైను చదివే గెట్స్ ఫంక్షన్ ఎన్ని అక్షరాలొస్తే అన్నీ తీసుకుంటుంది, నీ అర్రేలో పట్టేది ఎంతో దానికి తెలియదు. 1988 నవంబర్‌లో ఇంటర్నెట్‌ను స్తంభింపజేసిన మోరిస్ వర్మ్ అనే, తనంతట తానే పాకే ప్రోగ్రామ్ దూరిన దారుల్లో ఒకటి ఈ గెట్సే. 2011 ప్రమాణంలో దాన్ని భాషలోంచే తీసేశారు. మన ల్యాబ్ రికార్డుల్లో మాత్రం ఇంకా రాయిస్తున్నారు. టర్బో సి 1987 నాటి కంపైలర్. అందులో ఇంట్, అంటే పూర్ణసంఖ్య, రెండు బైట్లు, క్లియర్‌స్క్రీన్ వాడి ప్రోగ్రామ్ మొదలుపెట్టడం అలవాటు, వాయిడ్ మెయిన్ అన్నా ఒప్పుకుంటుంది. ఈ రోజు నీ ల్యాప్‌టాప్‌లో ఇంట్ నాలుగు బైట్లు. భాష పాతదైనందుకు ఎవరూ బాధపడక్కర్లేదు, సి చదివించడం సరైనదే. కానీ పాత కంపైలర్ మీద చదివించడం పిల్లలకు చేస్తున్న అన్యాయం, దీన్ని నేను గట్టిగానే అంటాను. పరీక్షకు వాళ్లు అడిగినట్టు రాయి, రూముకొచ్చి జీసీసీ అనే ఇప్పటి కంపైలర్‌లో హెచ్చరికలన్నీ ఆన్ చేసుకుని అదే ప్రోగ్రామ్ మళ్లీ నడుపు.

సి తర్వాతి కథ చాలావరకు, అది మన చేతిలో ఉంచిన మెమరీని ఎవరు తీసుకోవాలన్న దాని చుట్టూ తిరుగుతుంది. నార్వేలో డాల్, నైగార్డ్ 1967లో సిమ్యులా అనే భాషలో, డేటానూ దాని మీద పని చేసే కోడ్‌నూ ఒకచోట కట్టే క్లాసులు, ఆబ్జెక్టులు తెచ్చారు. స్ట్రౌస్‌ట్రుప్ కేంబ్రిడ్జిలో సిమ్యులా వాడి, దాని ఆలోచన నచ్చి, దాని నెమ్మదితో విసిగి, 1979లో సికి క్లాసులు చేర్చడం మొదలుపెడితే సి++ అయింది. జావా మెమరీని పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది. పైథాన్‌ను గీడో వాన్ రోసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో 1989 క్రిస్మస్ సెలవుల్లో మొదలుపెట్టి 1991లో విడుదల చేశారు. అది టైపులు ముందే ప్రకటించే పని కూడా తీసేసుకుంది, బదులుగా వేగం తీసుకుంది. బయట అందరూ అంటున్న ఆ పైథాన్ రాసి ఉన్నది సిలోనే, కాబట్టి రెండింటికీ పోటీ పెట్టడంలో అర్థం లేదు. 2015లో 1.0 వచ్చిన రస్ట్ ఇంకో దారి చూపింది. ఏ మెమరీ ఎవరి అధీనంలో ఉందో కంపైలర్ ముందే తనిఖీ చేస్తుంది. గార్బేజ్ కలెక్టర్ ఉండదు, సి వేగం ఉంటుంది. మూల్యం ఏంటంటే, కంపైలర్‌ను ఒప్పించడానికి మొదట్లో చాలా కుస్తీ పట్టాలి. 2022 చివర్లో లినక్స్ కెర్నల్‌లోకి కూడా దాన్ని రానిచ్చారు. నా దృష్టిలో నీ తరం జాగ్రత్తగా చూడాల్సిన భాష ఇదే, అయితే సి మెమరీతో దెబ్బలు తిన్నాకే అది ఎందుకలా ఉందో అర్థమవుతుంది.

ఇక ఏఐ. 1950లలో కంపైలర్‌నే ఆటోమేటిక్ ప్రోగ్రామింగ్ అనేవాళ్లు. ఫోర్ట్రాన్ వచ్చాక ప్రోగ్రామర్లతో పనేముంటుందన్నారు. కోబాల్ వచ్చాక మేనేజర్లే చదువుకుంటారన్నారు. కోడ్ రాసే శ్రమ తగ్గింది నిజమే, కానీ ఏం కావాలో తేడా లేకుండా చెప్పే పని ఎక్కడికీ పోలేదు. ఇప్పటి తేడా ఒకటుంది, అది చిన్నది కాదు. కంపైలర్‌కు ఒకే ప్రోగ్రామ్ ఇస్తే ప్రతిసారీ ఒకే అర్థం వస్తుంది, అర్థం కాకపోతే ఎర్రర్ చూపిస్తుంది. ఏఐకి అర్థం కాకపోయినా నమ్మకంగా ఏదో ఒకటి రాసిస్తుంది. కమీషన్ చీటీ లెక్క రాసిమ్మంటే మామూలు ఫ్లోటింగ్ పాయింట్‌తో రాసిచ్చే అవకాశం ఉంది, చూడటానికి కోడ్ బాగానే కనిపిస్తుంది. పైసా ఎక్కడ జారుతుందో పట్టుకోవాలంటే 1959లో వాళ్లు దశాంశాలు ఎందుకు కావాలన్నారో నీకు తెలిసి ఉండాలి. చరిత్ర వల్ల లాభమేంటని అడిగావే, నాకు కనిపించే లాభం అది.

నువ్వు ఏం చేయాలంటే, ఈ సెమిస్టర్ సి వదలకు. పాయింటర్లు, మాలోక్, స్ట్రక్చర్లు చేతికి అలవాటు కావాలి. పక్కనే పైథాన్ మొదలుపెట్టు, వారాంతాల్లో చాలు. మీ ఊరి పత్తి చీటీ లెక్కనే సిలో ఒకసారి ఫ్లోట్‌తో, ఒకసారి మొత్తం పైసల్లోకి మార్చి పూర్ణసంఖ్యలతో రాసి, వందల చీటీల మొత్తం పోల్చి చూడు. గ్నూకోబాల్ అనే కోబాల్ కంపైలర్ ఉచితంగా దొరుకుతుంది, అదే లెక్క అందులో రాయడానికి ఒక సాయంత్రం పడుతుంది. ఆ తర్వాత డేటాబేసుల్లోంచి డేటా అడిగే భాష ఎస్‌క్యూఎల్. ఎడ్గార్ కాడ్ 1970లో రాసిన, డేటాను పట్టికలుగా చూసే రిలేషనల్ సిద్ధాంతం మీద ఐబీఎంలో చాంబర్లిన్, బాయిస్ 1974లో చేసిన భాష అది. డేటా ఎలా వెతకాలో చెప్పే పనిని మన దగ్గర్నుంచి పూర్తిగా తీసేసుకుంది, ఏం కావాలో చెప్తే చాలు. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో దాదాపు అందరూ అడిగేదీ, మన పిల్లలు చాలామంది చివరి నెలలో హడావుడిగా చదివేదీ అదే. నువ్వు దాన్ని మూడో సంవత్సరం మొదట్లోనే ముగించెయ్.